గ్లేసియర్ ముందు సముద్రంలో గోధుమరంగు మరక: నది లేకుండా బురద నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

చందన_విశాఖ | పోస్ట్ 1
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు చూస్తున్నాను. అక్కడ కాంగ్స్‌ఫియోర్డ్ అనే సన్నటి సముద్రపు పాయ చివర క్రోనెబ్రీన్ అనే గ్లేసియర్ నేరుగా ఉప్పు నీళ్లలోకి దిగుతుంది. దాని మంచుగోడకు ఆనుకుని నీళ్లలో అర్ధచంద్రాకారంలో గోధుమరంగు మరక ఉంది. జూన్ మొదటి వారం బొమ్మల్లో లేదు. జులై, ఆగస్టుల్లో స్పష్టంగా కనిపిస్తోంది. ఆ చోట సముద్రంలో కలిసే నది ఏదీ లేదు. మంచు మీద నుంచి జారిపడే వాగు కూడా లేదు. మరి ఈ బురద ఎక్కడిది? మా గైడ్ గారిని అడిగితే "సబ్‌గ్లేసియల్ డ్రైనేజ్, చదువుకో" అన్నారు. చదవబోతే మొదటి పేజీ నుంచీ ఈక్వేషన్లే. ఎవరైనా మామూలు మాటల్లో చెబుతారా?

కోనసీమ_కుర్రాడు | పోస్ట్ 2
కింద ఎవరో బోరు వేసి మోటారు ఆపడం మర్చిపోయారండీ 😀

ట్రోమ్సో_రవి | పోస్ట్ 3
చందన గారూ, నేను నార్వేలో ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీరు చూస్తున్నది గ్లేసియర్ అడుగున పారే నది సముద్రంలో కలిసే చోటు. నది మొత్తం మంచు కింద ఉంది. నోరు సముద్రపు నీళ్ల లోపల, గోడ అడుగున తెరుచుకుంటుంది. అందుకే పైనుంచి చూస్తే మరక ఒక్కటే కనిపిస్తుంది.

ముందు నీళ్లు కిందికి ఎలా దిగుతాయో చెబుతాను. వేసవిలో మంచు పైపొర కరిగి వాగులు, చెరువులు ఏర్పడతాయి. మంచు కదులుతూ ఉంటుంది కాబట్టి అక్కడక్కడ లోతైన నెర్రెలు పడతాయి. ఖాళీ నెర్రె కొంత లోతు వెళ్లాక ఆగిపోతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న మంచు బరువు దాన్ని మూసేస్తుంది. అదే నెర్రె నిండా నీళ్లుంటే కథ వేరు. ఘనపు మీటరు మంచు బరువు 917 కిలోలు, నీటి బరువు 1000 కిలోలు. లోతుకు వెళ్లేకొద్దీ మంచు నొక్కే ఒత్తిడి కంటే నీళ్లు నెట్టే ఒత్తిడి ఎక్కువవుతుంది. పైనుంచి నీళ్లు అందుతున్నంత సేపూ నెర్రె చీలుతూ అడుగు దాకా పోతుంది. ఆ తర్వాత ఆ దారే మౌలిన్ అనే నిలువు బావిగా మిగిలిపోతుంది. వేసవంతా నీళ్లు అందులోంచే దిగుతాయి.

2006 జులైలో గ్రీన్‌లాండ్ పశ్చిమాన 5.6 చదరపు కి.మీ. చెరువు ఒకటి ఇలాగే అడుగు పగిలి ఖాళీ అయింది. పట్టిన సమయం గంటన్నర లోపే. దాని కింద మంచు మందం 980 మీటర్లు. సగటున సెకనుకు 8,700 ఘనపు మీటర్ల నీళ్లు దిగాయి. నయాగరా జలపాతం సగటు ప్రవాహం కంటే ఎక్కువ.

ఇక బురద సంగతి. గ్లేసియర్ తన కింది రాతిని అరగదీస్తూ కదులుతుంది. ఆ రాతి పిండిని అడుగున పారే నీళ్లు కడిగి తెస్తాయి. రంగు దానిదే.

రిటైర్డ్_ఈఈ | పోస్ట్ 4
సెకనుకు 8,700 ఘనపు మీటర్లంటే మూడు లక్షల క్యూసెక్కుల పైమాటే. ప్రకాశం బ్యారేజీకి అంత వస్తే టీవీ వాళ్లు గొడుగులేసుకుని చేరిపోతారు. మంచు కింద అంత నీరు ఒక్కసారి చేరితే పైనున్న మంచు పైకి లేవలేదా బాబూ?

నేను నీటిపారుదల శాఖలో డ్యాం పునాదుల పని చూసినవాణ్ని. మాకు అప్‌లిఫ్ట్ అంటే హడల్. డ్యాం కిందికి ఊట నీరు చేరితే అది కట్టడాన్ని పైకి నెడుతుంది. ఆ మేరకు నికర బరువు తగ్గి, కట్టడం జారే ప్రమాదం వస్తుంది. అందుకే గ్రౌటింగ్ చేస్తాం (పగుళ్లలోకి సిమెంటు ఎక్కిస్తాం), డ్రైనేజ్ గ్యాలరీ (ఊట నీరు బయటికి పోయే సొరంగం) పెట్టి ఒత్తిడి దించుతాం. మీ గ్లేసియర్‌కి గ్యాలరీ ఎవరు తవ్వారు?

ట్రోమ్సో_రవి | పోస్ట్ 5
సార్, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. లేచింది. ఆ 2006 చెరువు దగ్గర పెట్టిన జీపీఎస్‌లు మంచు పైకి లేవడం, కాసేపు వేగంగా జరగడం, తర్వాత దిగడం నమోదు చేశాయి. 2018లో గ్రీన్‌లాండ్‌లోనే స్టోర్ అనే గ్లేసియర్ మీద కేంబ్రిడ్జ్ బృందం డ్రోన్లతో ఇలాంటిదే చూసింది. ఇది సముద్రంలోకి దిగే గ్లేసియర్. దాదాపు 50 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు ఐదు గంటల్లో దిగిపోయాయి. మంచు అర మీటరు లేచింది. రోజుకు 2 మీటర్లు నడిచేది కాస్తా 5 మీటర్లు దాటింది.

మీరు చెప్పిన డ్యాం లెక్కే ఇక్కడా. మంచు బరువులోంచి నీటి ఒత్తిడి తీసేయగా మిగిలింది నికర ఒత్తిడి. అది తగ్గితే అడుగున రాపిడి తగ్గుతుంది, మంచు జారుతుంది.

గ్యాలరీని నీళ్లే తవ్వుకుంటాయి. చలికాలం తర్వాత అడుగున పెద్ద దారులుండవు. రాతి గుబ్బల వెనక మంచుకీ రాతికీ మధ్య చిన్న చిన్న సందులుంటాయి. అవి ఒకదానికొకటి ఇరుకు దారులతో కలిసి ఉంటాయి. వేసవి మొదట్లో నీళ్లు వాటిలోకే దిగుతాయి. అవి అన్ని నీళ్లను పట్టలేవు, ఒత్తిడి పెరుగుతుంది, గ్లేసియర్ వేగం పుంజుకుంటుంది. కొన్ని వారాల్లో నీళ్లు ఎక్కువగా పారే దారుల గోడలు కరిగి సొరంగాలవుతాయి. 1972లో రోత్‌లిస్‌బర్గర్ అనే శాస్త్రవేత్త వీటికి లెక్క కట్టాడు కాబట్టి ఆర్-చానెల్స్ అంటారు. సొరంగాలు తెరుచుకున్నాక చుట్టుపక్కల సందుల్లోని నీళ్లు కూడా వాటిలోకి లాగబడతాయి. ఒత్తిడి దిగుతుంది, వేగం తగ్గుతుంది. అలాస్కాలోని వేరియగేటెడ్ గ్లేసియర్ 1982-83లో ఒక్కసారిగా పరుగందుకుంది. అడుగున సొరంగాల బదులు సందుల వ్యవస్థే ఉండిపోవడం వల్ల ఒత్తిడి దిగలేదని అక్కడ పనిచేసిన కాంబ్ బృందం తేల్చింది.

రిటైర్డ్_ఈఈ | పోస్ట్ 6
ఆర్-చానెల్‌లో ప్రవాహం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందా? పైపులో డిశ్చార్జి పెరిగితే హెడ్ లాస్ (రాపిడికి పోయే ఒత్తిడి) పెరగాలి. అంటే ఎగువన ఒత్తిడి పెరగాలి. నలభై ఏళ్లు చదివిన హైడ్రాలిక్స్‌కి ఇది అడ్డం.

ట్రోమ్సో_రవి | పోస్ట్ 7
మీ పైపు సైజు మారదు సార్, దీని సైజు మారుతుంది. అంతే తేడా.

ఒక టన్ను నీళ్లు కిలోమీటరు ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి 9.8 మెగాజౌళ్లు. కిలో మంచు కరగడానికి 0.334 మెగాజౌళ్లు చాలు. అంటే ఆ టన్ను నీళ్లు దారి పొడవునా దాదాపు 29 కిలోల మంచు కరిగించగలవు. ఇది గోడల్ని తింటుంది. మరోవైపు పైనున్న మంచు తన బరువుకి మెల్లగా పాకుతూ సొరంగాన్ని మూసేస్తుంటుంది. మూసుకునే వేగం నికర ఒత్తిడికి దాదాపు ఘనంగా పెరుగుతుంది: ఒత్తిడి తేడా రెట్టింపైతే మూత ఎనిమిది రెట్లు. ఈ రెండూ సమానమయ్యే చోట సొరంగం సైజు నిలబడుతుంది. ఎక్కువ నీళ్లు పారే సొరంగం ఎక్కువ కరిగిస్తుంది కాబట్టి తక్కువ నీటి ఒత్తిడితోనే తెరుచుకుని ఉండగలదు. దాంతో పెద్ద సొరంగం చిన్నవాటి నీళ్లు లాగేసుకుని ఇంకా పెద్దదవుతుంది.

ఇది నిలకడగా పారుతున్నప్పటి లెక్క. హఠాత్తుగా నీళ్లు పెరిగితే మీ పైపు లెక్కే నిజం. గోడ కరగడానికి టైం పడుతుంది, ఈలోగా ఒత్తిడి ఎగబాకుతుంది. షూఫ్ అనే శాస్త్రవేత్త 2010లో తేల్చింది ఇదే: గ్లేసియర్‌ని పరిగెత్తించేది నీటి మొత్తం కంటే నీటి హెచ్చుతగ్గులు.

కోనసీమ_కుర్రాడు | పోస్ట్ 8
అడుగున గుంటలు, మెరకలు ఉంటాయి కదా. గుంటలోకి దిగిన నీళ్లు మళ్లీ మెరక ఎక్కి సముద్రానికి పోతాయా?

ట్రోమ్సో_రవి | పోస్ట్ 9
పోతాయి. నీళ్లు ఒత్తిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోతాయి, మంచు ఒత్తిడి దాని మందాన్ని బట్టి ఉంటుంది. ష్రీవ్ అనే శాస్త్రవేత్త 1972లో కట్టిన లెక్క ప్రకారం, నీటి దారిని నిర్ణయించడంలో మంచు పైతలం వాలుకి అడుగు వాలు కంటే పది రెట్లకు పైగా బలం ఉంటుంది. పైన సముద్రం వైపు వాలు ఉంటే అడుగున ఎదురు ఎక్కాల్సి వచ్చినా ఎక్కుతాయి.

రిటైర్డ్_ఈఈ | పోస్ట్ 10
సరే, ఇప్పుడు అర్థమైంది. అయితే సముద్రం ఇక్కడ టెయిల్ వాటర్ (డ్యాం దిగువన నిలిచే నీరు) అన్నమాట! నేల మీద ఆగిపోయే గ్లేసియర్ అయితే సొరంగం నోరు గాలిలోకి తెరుచుకుంటుంది, అక్కడ ఒత్తిడి సున్నా. సముద్రంలో ఆగే గ్లేసియర్‌కి ఆ వెసులుబాటు లేదు. నోటి దగ్గర సముద్రపు లోతుకి తగ్గ ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

కాగితం మీద వేశాను. గోడ దగ్గర నీటి లోతు 500 మీటర్లు, మంచు మందం 600 మీటర్లు అనుకుందాం. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1027 కిలోలు. అడుగున సముద్రపు ఒత్తిడి 5.04 మెగాపాస్కల్, మంచు ఒత్తిడి 5.40. అంటే మంచు బరువులో 93 శాతాన్ని నీళ్లే మోస్తున్నాయి, అదీ సొరంగాలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నప్పుడు! 560 మీటర్లకి పలచబడితే తేలిపోతుంది. ఇలాంటి పునాది మీద మా శాఖలో ఎవరూ సంతకం పెట్టరు.

ట్రోమ్సో_రవి | పోస్ట్ 11
టెయిల్ వాటర్ అన్న మాట మా ల్యాబ్‌లో వాడేసుకుంటాను సార్. సరిగ్గా అదే. గ్యాలరీ ఎంత పెద్దదైనా ఒత్తిడి సముద్రపు నీటి ఒత్తిడి కంటే కిందికి దిగదు. అందుకే గోడ దగ్గర ఈ గ్లేసియర్లు ఎప్పుడూ జారడానికి సిద్ధంగా ఉంటాయి.

ఇంకో ఫలితం కూడా ఉంది. సొరంగం నిండా ఎప్పుడూ నీళ్లుంటాయి. నేల మీది గ్లేసియర్‌లో వేసవి చివర సొరంగం సగం ఖాళీ అయి పైన గాలి ఉండొచ్చు. ఇక్కడ అది కుదరదు.

నిజం_చెప్పాలంటే | పోస్ట్ 12
మొత్తానికి ఎక్కువ కరిగితే సొరంగాలు పెద్దవై గ్లేసియర్ నెమ్మదిస్తుందని మీరే అన్నారు. మరి 'గ్రీన్‌లాండ్ జారిపోతోంది' అని ఇరవై ఏళ్లుగా ఈ టెన్షన్ పెట్టడం ఎందుకు? ప్రకృతే సర్దుకుంటోంది కదా.

కోనసీమ_కుర్రాడు | పోస్ట్ 13
వచ్చారండీ.

ట్రోమ్సో_రవి | పోస్ట్ 14
న్యాయమైన ప్రశ్నే. 2002లో జ్వాలీ బృందం గ్రీన్‌లాండ్‌లో వేసవి నీళ్లకీ మంచు వేగానికీ సంబంధం చూపించినప్పుడు చాలామంది కంగారు పడ్డారు. ఆ తర్వాత 2011లో సుందాల్ బృందం నేల మీద ఆగే గ్లేసియర్లు చూసి, బాగా కరిగిన ఏడాదుల్లో సొరంగాలు ముందే తెరుచుకుని వేగం త్వరగా తగ్గుతోందని చూపించింది. ఆ భాగం మీరన్నట్టే.

సముద్రంలో దిగేవాటికి ఆ ఓదార్పు సగమే పనికొస్తుంది. ఒకటి ఈఈ గారు చెప్పిన టెయిల్ వాటర్. రెండోది అసలు దెబ్బ. సొరంగం ఎంత బాగా పనిచేస్తే అంత నీరు ఒక్కచోట సముద్రంలోకి చిమ్ముతుంది. ఆ మంచినీళ్లు ఉప్పు నీళ్లలో తేలిక. గోడ అడుగున బయటపడగానే గోడ వెంబడే పైకి ఉరుకుతాయి. దీన్ని ప్లూమ్ అంటారు. ఉరుకుతూ చుట్టూ ఉన్న లోతు సముద్రపు నీళ్లను తనలోకి లాక్కుంటుంది. గ్రీన్‌లాండ్ ఫియార్డుల్లో (సన్నటి సముద్రపు పాయల్లో) పైపొర చల్లగా ఉన్నా, కొన్ని వందల మీటర్ల కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చటి ఉప్పు నీళ్లుంటాయి. ప్లూమ్ ఆ వేడిని తెచ్చి గోడకి రుద్దుతుంది. అడుగున గోడ కోసుకుపోతే పైభాగానికి ఆసరా పోయి మంచుకొండలు విరిగిపడతాయి.

వెచ్చటి నీళ్ల బలం చూడాలంటే గ్రీన్‌లాండ్‌లో ఇలులిస్సాట్ ఊరి దగ్గరి సెర్మెక్ కుయల్లెక్ గ్లేసియర్ చూడండి. 1997లో వెచ్చటి నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లలో దాని తేలే నాలుక (సముద్రం మీద తేలుతూ ఉండే ముందు భాగం) విరిగిపోయింది. 2012 వేసవిలో రోజుకు 46 మీటర్లు నడిచింది. 2016 తర్వాత అక్కడి సముద్రం చల్లబడితే గ్లేసియర్ నెమ్మదించి, ముందు భాగం మళ్లీ మందమెక్కింది. ఆ నెమ్మది సముద్రం ఇచ్చింది, సొరంగాలు ఇచ్చింది కాదు.

నిజం_చెప్పాలంటే | పోస్ట్ 15
అయితే సముద్రం చల్లబడితే తగ్గుతుందని ఒప్పుకున్నట్టే. అంతేనా?

ట్రోమ్సో_రవి | పోస్ట్ 16
అంతే, ఆ గ్లేసియర్ వరకు, ఆ కొన్నేళ్ల వరకు. ప్లూమ్ కరిగించే వేగానికి రెండు చేతులున్నాయి: నీళ్ల వేడి, అడుగు నుంచి వచ్చే ప్రవాహం. వేడితో దాదాపు నేరుగా పెరుగుతుంది. ప్రవాహంతో ఘనమూలం చొప్పున పెరుగుతుంది, అంటే ప్రవాహం ఎనిమిది రెట్లయితే కరగడం రెట్టింపు.

మోడరేటర్ | పోస్ట్ 17
వాతావరణ రాజకీయాల మీద నాలుగు పోస్టులు 'పర్యావరణం' విభాగానికి మార్చాం. ఇక్కడ నీళ్ల సంగతే మాట్లాడుకుందాం.

సియాటిల్_సుధ | పోస్ట్ 18
చందన గారు చెప్పిన మరకలకి పక్షుల వాళ్ల లోకంలో పెద్ద పేరు. అలాస్కాలో పడవ మీద వెళ్తే గైడ్లు ముందు బురద నీళ్ల వైపు చూడమంటారు, కిట్టివేక్ అనే సముద్రపక్షులు అక్కడ గుంపుగా వాలి ఉంటాయి. ప్లూమ్ కింది నుంచి లాగే నీళ్లతో పాటు లోతులోని చిన్న చిన్న జీవులు పైకి కొట్టుకొస్తాయి. వాటికి విందు.

కాంగ్స్‌ఫియోర్డ్‌లో ఇంకో తమాషా జరిగింది. మంచుగోడ దగ్గరికి పడవ పోనివ్వరు, ఏ క్షణాన ఏ ముక్క విరిగిపడుతుందో తెలీదు. అందుకని రింగ్డ్ సీల్స్‌కి ఉప్పు, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు తగిలించారు. అవి వేట కోసం ఎలాగూ ప్లూమ్‌లోకి మునుగుతాయి. ఆ కొలతలతో క్రోనెబ్రీన్ ప్లూమ్ మీద 2018లో పేపరు వచ్చింది. చందన గారూ, మీ గ్లేసియరే!

రవి గారూ, అలాస్కా లెకాంట్ గ్లేసియర్ సంగతి కూడా చెప్పండి. నాకు సగమే అర్థమైంది.

ట్రోమ్సో_రవి | పోస్ట్ 19
లెకాంట్ గ్లేసియర్ దగ్గర సోనార్‌తో నీటి కింది గోడని పదే పదే స్కాన్ చేసి, అది ఎంత కరుగుతోందో నేరుగా కొలిచారు. 2019లో ఫలితం వచ్చింది. ప్లూమ్ లేని చోట్ల సిద్ధాంతం చెప్పిన దానికంటే కొన్నిచోట్ల వంద రెట్ల దాకా ఎక్కువ కరుగుతోంది. సొరంగం నోటి దగ్గర లెక్క కొంత నయం, మిగతా గోడ సంగతిలోనే సిద్ధాంతం బోల్తా పడింది. మోడళ్లన్నీ ఇప్పుడు ఆ చోట కుస్తీ పడుతున్నాయి.

సుధ గారి పాయింటుకి ఇంకొకటి. ప్లూమ్ లోతు నుంచి నైట్రేట్ లాంటి పోషకాల్ని కూడా పైకి తెస్తుంది. గ్రీన్‌లాండ్ ఫియార్డుల్ని పోల్చి చూస్తే, నూక్ దగ్గర సముద్రంలో దిగే గ్లేసియర్లున్న ఫియార్డులో వేసవి పొడవునా ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) బాగా పెరుగుతోంది. గ్లేసియర్ నేల మీదికి వెనక్కి తగ్గిపోయిన ఫియార్డులో ఆ పంపు ఆగిపోతుంది. అక్కడి హాలిబట్ చేపల వేటగాళ్లకి ఇది బతుకుతెరువు విషయం.

చందన_విశాఖ | పోస్ట్ 20
ఇంత వస్తుందనుకోలేదు, థాంక్యూ అందరికీ. రెండు సందేహాలు. మరక వైశాల్యం కొలిచి, అడుగు నుంచి ఎంత నీరు వస్తోందో చెప్పగలనా? మరక లేకపోతే నీరు రావట్లేదని అర్థమా?

ట్రోమ్సో_రవి | పోస్ట్ 21
రెండింటికీ 'కాదు'. పైకి తేలేసరికి ప్లూమ్‌లో సింహభాగం దారిలో కలిసిన సముద్రపు నీళ్లే. గాలి, ఆటుపోట్లు మరకని సాగదీస్తాయి, చెదరగొడతాయి. వైశాల్యం నుంచి నేరుగా ప్రవాహానికి వెళ్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వదలడు.

రెండోది. నోరు బాగా లోతులో ఉన్నచోట ప్లూమ్ పైకొచ్చే దారిలో ఉప్పు నీళ్లు కలిసీ కలిసీ బరువెక్కుతుంది. చుట్టూ ఉన్న నీళ్లంత సాంద్రత రాగానే పైకి రావడం మాని అడ్డంగా పరుచుకుంటుంది. గ్రీన్‌లాండ్‌లో చాలాచోట్ల ఉపరితలం మీద ఏమీ కనపడదు. క్రోనెబ్రీన్ ముందు నీటి లోతు తక్కువ కాబట్టి మీకు కనిపిస్తోంది, మంచి గ్లేసియర్ ఎంచుకున్నారు. చలికాలంలో కూడా భూమి వేడికి, అడుగు రాపిడికి కరిగిన కొద్దిపాటి నీళ్లు వస్తూనే ఉంటాయి, మరక మాత్రం ఉండదు.

మీకు పనికొచ్చే మాట: మన హిమాద్రి పరిశోధనా కేంద్రం ఉన్నది ఈ ఫియార్డు ఒడ్డునే, న్యూ-ఒలెసుండ్‌లో. 2008 నుంచి ఉంది. 2014లో ఇండార్క్ అనే కొలతల వ్యవస్థని ఈ ఫియార్డులోనే నీళ్లలో దించారు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రానికి మీ గైడ్ గారి చేత ఒక ఈమెయిల్ రాయించండి.

రిటైర్డ్_ఈఈ | పోస్ట్ 22
చివరిగా ఒకటి. ఇవన్నీ లెక్కలు, ఉపగ్రహాలు, సీల్సు. అడుగున పియెజోమీటర్ (నీటి ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టి ఒత్తిడి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ట్రోమ్సో_రవి | పోస్ట్ 23
ఉన్నారు సార్. స్టోర్ గ్లేసియర్ మీదే, సముద్రానికి 30 కి.మీ. లోపల, వేడినీళ్ల జెట్‌తో ఏడు బోర్లు దించారు. దాదాపు 600 మీటర్లకి అడుగు తగలగానే ప్రతి బోరులోనూ నీళ్లు సర్రున దిగిపోయాయి, అంటే కింద పారే వ్యవస్థకి తగిలాయి. నికర ఒత్తిడి 180 నుంచి 280 కిలోపాస్కల్ మధ్య నిలిచింది. పగటి కరుగుదలకీ వానలకీ కొద్దిగా పెరిగి తగ్గుతూ ఉంది, దాంతోపాటే పైన వేగం కూడా. ఆ గ్లేసియర్ కదలికలో మూడింట రెండొంతులు అడుగున జారడం వల్లే.

రిటైర్డ్_ఈఈ | పోస్ట్ 24
600 మీటర్ల మంచులో నేల మీద నికరంగా పడేది 20, 30 మీటర్ల మంచు బరువేనన్నమాట. అదీ సముద్రానికి 30 కి.మీ. ఇవతల! నేను గోడ దగ్గరే సమస్య అనుకుని లెక్క వేశాను. లోపలిదాకా ఇదే పరిస్థితి అయితే సందుల వ్యవస్థ చాలా దూరం పరుచుకుని ఉండాలి. ఆ బోర్ల పేపరు పేరు నాకు మెసేజ్ పెట్టు బాబూ.

చందన_విశాఖ | పోస్ట్ 25
అయితే వైశాల్యం వదిలేసి, మరక మొదటిసారి కనిపించిన తేదీ, దాని చోటు మాత్రమే ఏడాదికేడాది పోల్చి చూస్తాను. చోటు మారితే అడుగున సొరంగం దారి మారిందని అనుకోవచ్చా రవి గారూ?

ట్రోమ్సో_రవి | పోస్ట్ 26
అనుకోవచ్చు, గోడ వెనక్కి తగ్గిన దూరం సరిచూసుకున్నాక. మబ్బుల వల్ల మొదటి తేదీకి వారం అటూ ఇటూ తేడా వస్తుంది. న్యూ-ఒలెసుండ్ ఉష్ణోగ్రతలు, వానలు పక్కన పెట్టుకుని చూడండి. ఆగస్టు చివర్లో గట్టి వాన పడ్డాక ఒకటి రెండు రోజుల్లో దొరికే బొమ్మలు ముందు తీయండి.